తిరుపతి, చిత్తూరు కళాశాలల క్రీడా కూటములు

ఏటా తమలో తాము పోటీపడే కళాశాలల సమూహాన్ని క్రీడా కూటమి అనవచ్చు. అమెరికాలో దీని పేరు కాన్ఫరెన్స్. మన దగ్గర ఆ మాట వాడుకలో లేదు. ఆ పనిని విశ్వవిద్యాలయాల ఇంటర్ కాలేజియేట్ పోటీలు చేస్తున్నాయి. ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలన్నీ కలిసి ఒక కూటమి. ఆ పోటీల్లో రాణించినవాళ్లను ఏరి విశ్వవిద్యాలయ జట్టు కడతారు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు, అంటే ఆటగాళ్లందరూ ‘సౌత్ జోన్’ అని పిలుచుకునే పోటీలకు వెళ్తుంది. కాబట్టి ఒక కళాశాల ఎవరితో ఆడాలో తేల్చేది దాని అనుబంధమే. అనుబంధం మారిన మరుసటి ఏడాది ప్రత్యర్థులూ మారిపోతారు.

దక్షిణ రాయలసీమలో, ముఖ్యంగా పాత చిత్తూరు జిల్లాలో, నూరేళ్లలో ఇలాంటి మార్పు పదిసార్లకు పైగానే జరిగింది. అందులో ఒక్కటి కూడా ఆటల కోసం జరగలేదు. వైద్యవిద్యకు ప్రత్యేక సంస్థ కావాలని ఒకసారి, జిల్లాకొక విశ్వవిద్యాలయం ఉండాలని ఇంకోసారి చట్టాలు వచ్చాయి. ఆటలు వాటి వెంట నడిచాయి. అమెరికాలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ చదువులు ఎక్కడివక్కడే ఉంటాయి, కళాశాలలు ఆటల కోసమే కూటములు మారతాయి.

మద్రాసు నాటి రోజులు

ఈ ప్రాంతంలో అనుబంధం మారడమంటే ఏమిటో మొదట చవిచూసింది మదనపల్లె. అనిబిసెంట్ చొరవతో 1915లో అక్కడ మొదలైన బీసెంట్ థియోసాఫికల్ కళాశాల, జనం నోట బీటీ కాలేజీ, మొదట మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. హోంరూల్ ఉద్యమం రోజుల్లో ఆ సంబంధం తెగి, బిసెంట్ నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది ఆ దశలోనే. తర్వాత కళాశాల మళ్లీ మద్రాసు గూటికే చేరింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినా రాయలసీమ కళాశాలలు చివరికి మద్రాసు పరిధిలోనే ఉండిపోయాయి. సీమకు సొంత విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న కోరిక 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలోకి కూడా ఎక్కింది. తిరుమల తిరుపతి దేవస్థానం 1945లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర కళాశాలను ప్రారంభించేనాటికి చిత్తూరు ప్రాంతపు విద్యార్థి విశ్వవిద్యాలయ జట్టులో చోటు సంపాదించాలంటే మద్రాసు నగర కళాశాలల కుర్రాళ్లతోనే తలపడాలి. మైదానాలు, శిక్షకులు, బూట్లు, చివరికి ఎంపిక చేసే పెద్దలు కూడా ఆ నగరంలోనే ఉన్న కాలమది.

క్రికెట్‌లోనూ అంతే. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో విడిగా అడుగుపెట్టింది 1953–54లో. దాని తొలి సారథి సి.కె. నాయుడు. అప్పటిదాకా ఈ జిల్లాల క్రికెట్ మద్రాసు నీడలోనే పెరిగింది.

ఐదు జిల్లాలు, ఒకే గొడుగు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954 సెప్టెంబరు 2న, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) మొదలైంది. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాల కళాశాలలు దాని కిందికి వచ్చాయి. సీమ ఆటగాళ్లకు మొదటిసారిగా తమదనే కూటమి ఏర్పడింది అప్పుడే. మదనపల్లె బీటీ కాలేజీ, అనంతపురం ఆర్ట్స్ కాలేజీ, కర్నూలు ఉస్మానియా కాలేజీ, నెల్లూరు వి.ఆర్. కాలేజీ లాంటి పాత పేరున్న కళాశాలలన్నీ ఒకే పోటీలో ఎదురుపడే వీలు కలిగింది.

గొడుగు పెద్దదే, దూరాలూ పెద్దవే. తిరుపతి నుంచి కర్నూలు మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. అయినా ఆ కూటమికి ఒక సుగుణం ఉంది. వైద్యం, వ్యవసాయం, ఇంజనీరింగు, ఆర్ట్స్ అన్న తేడా లేకుండా అందరూ ఒకే బరిలో దిగేవాళ్లు. అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల, 1960లో తిరుపతిలో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీ, ఊళ్లోని డిగ్రీ కాలేజీ ఒకే విశ్వవిద్యాలయపు బిడ్డలు. కబడ్డీలో కూతకు వచ్చిన కాబోయే డాక్టరును కాబోయే బడిపంతులు పట్టులోకి లాగే అవకాశం ఆ కూటమి ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఏ ఏర్పాటూ దాన్ని మళ్లీ ఇవ్వలేకపోయింది.

ఒక్కొక్కరుగా బయటికి

మొదట విడిపోయింది వ్యవసాయం. 1964లో రాష్ట్రానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడి, తిరుపతిలోని వ్యవసాయ, పశువైద్య కళాశాలలు దానిలో చేరాయి. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు విడిగా జాతీయ క్రీడల మేళా కూడా నడుస్తోంది, కనుక ఆ విద్యార్థుల ఆటల లోకమే వేరైంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడటంతో పశువైద్యం వ్యవసాయం నుంచి కూడా విడిపోయింది.

1969 నాటి మార్పును క్రీడా చరిత్రలో ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో దాని ప్రభావం విశ్వవిద్యాలయాల విభజనకేమీ తీసిపోదు. అంతవరకు ఎస్సెల్సీ తర్వాత పీయూసీ చదివేవాళ్లు డిగ్రీ కళాశాల విద్యార్థులే. పదహారేళ్ల కుర్రాడు కళాశాల జట్టులో చేరి నాలుగేళ్లు అదే జట్టుకు ఆడేవాడు. రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చి, 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడ్డాక ఆ వయసువాళ్లు జూనియర్ కళాశాలలకు, అక్కడి నుంచి పాఠశాల క్రీడా సమాఖ్య వారి అండర్–19 పోటీలకు మళ్లారు. డిగ్రీ కళాశాలకు మిగిలింది మూడేళ్లు. జట్టు కుదురుకునేలోపే ఆటగాడు ఫైనల్ ఇయర్‌లో ఉంటాడు.

1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్టీయూ) ఏర్పడి అనంతపురం ఇంజనీరింగ్ కళాశాలను తీసుకుంది. తిరుపతిలోని ఎస్వీయూ ఇంజనీరింగ్ కళాశాల మాత్రం విశ్వవిద్యాలయ సొంత కళాశాల కనుక కదల్లేదు. 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే మొదలైంది. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చి వైద్య కళాశాలలన్నిటినీ ఒకచోటికి చేర్చింది. ఎస్వీ మెడికల్ కాలేజీ విద్యార్థి ఆ తర్వాత విశ్వవిద్యాలయ జట్టు కోసం పోటీపడింది పక్కవీధి డిగ్రీ కాలేజీతో కాదు, గుంటూరు, విశాఖపట్నం వైద్య విద్యార్థులతో.

ఇక జిల్లాల విభజనలు. అనంతపురంలో 1968 నుంచి ఉన్న ఎస్వీయూ స్నాతకోత్తర కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. ఆ దశాబ్దం చివరికి అనంతపురం, కర్నూలు జిల్లాల కళాశాలలు దాని కిందికి వెళ్లాయి. కడపకు 2006లో యోగి వేమన, నెల్లూరుకు 2008లో విక్రమ సింహపురి వచ్చాయి. అదే 2008లో కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడి శ్రీకృష్ణదేవరాయ నుంచి కూడా కొంత తీసుకుంది. జేఎన్టీయూ కూడా ఆ ఏడాదే ముక్కలైంది. చిత్తూరు జిల్లా ఇంజనీరింగు కళాశాలలు హైదరాబాదు పరిధి నుంచి అనంతపురం పరిధికి మారాయి.

ఐదు జిల్లాల గొడుగు అలా చిత్తూరు ఒక్క జిల్లాకు కుదించుకుపోయింది.

ఒకే ఊళ్లో ఎన్ని నిచ్చెనలు

ఇప్పటి తిరుపతిని మైదానాల కంటితో చూడాలి. అలిపిరి దిక్కుగా నడిస్తే కొన్ని కిలోమీటర్ల మేరలోనే ఎస్వీ విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, వైద్య కళాశాల, మహిళా విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వస్తాయి. సాయంత్రం ఐదింటికి వీటన్నిటి మైదానాల్లోనూ వాలీబాల్ చప్పుడు వినిపిస్తుంది. గోడకు అటూ ఇటూ ఆడుతున్న ఈ జట్లు అధికారిక పోటీలో తలపడాలంటే మాత్రం సౌత్ జోన్ డ్రాలో ఎక్కడో, ఏ కేరళలోనో కర్ణాటకలోనో, ఎదురుపడాలి. వైద్య విద్యార్థి, వ్యవసాయ విద్యార్థి అయితే ముందు రాష్ట్రమంతటి నుంచి వచ్చేవారిని దాటి తమ విశ్వవిద్యాలయ జట్టులో చోటు గెలవాలి.

2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ వచ్చాయి. ఐఐటీలకు 1961 నుంచి తమ సొంత ఇంటర్ ఐఐటీ క్రీడలు ఉన్నాయి, ఐసర్లకూ విడిగా ఉన్నాయి. పాలిటెక్నిక్‌ల పోటీలు వేరు. 2022లో రంగంపేట దగ్గర మోహన్‌బాబు విశ్వవిద్యాలయం ఏర్పడటంతో జేఎన్టీయూ అనంతపురం కూటమిలోని ఒక పెద్ద కళాశాల ఆవరణ కూడా సొంత జట్టు పంపే స్థితికి వచ్చింది. జిల్లా కొసన మూడు రాష్ట్రాలు కలిసే చోట 1997లో వెలసిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానిదీ సొంత జట్టే.

ఇవేవీ తప్పుడు నిర్ణయాలు కావు. ప్రతిదానికీ దాని విద్యా కారణం ఉంది. కానీ తిరుపతిలో చదివే రెండు కళాశాలల విద్యార్థులు ఆట పేరుతో ఒకరినొకరు ఎరగకుండానే డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోతున్నారు. ఈ నష్టం ఏ చట్టం లెక్కలోకీ రాలేదు. కూటములు మార్చేటప్పుడు కనీసం ఊరి స్థాయిలో అందరూ కలిసే పోటీ ఒకటి ఉంచి ఉంటే సరిపోయేది. దానికి చట్టం అక్కర్లేదు, ఒక మైదానం, వారం రోజులు చాలు.

పోటీ రోజు

కూటమి అన్న పెద్దమాట వెనక రోజువారీ పని ఎలా ఉంటుందో చూడాలంటే ఒక ఇంటర్ కాలేజియేట్ కబడ్డీ రోజుకు వెళ్లాలి. ఆతిథ్య కళాశాల మైదానంలో ఎండ ఎక్కకముందే సున్నం గీతలు పడతాయి. కుప్పం వైపు జట్టు పలమనేరు, చిత్తూరు మీదుగా నాలుగైదు గంటలు ప్రయాణం చేసి రావాలి. చీకటి ఉండగానే బయలుదేరుతుంది. దిగీదిగగానే ఫిజికల్ డైరెక్టరు, అందరి నోటా పీడీ సారు, చంకలోని ఫైలు తీస్తాడు. అందులో ఒక్కో ఆటగాడికి ఒక్కో ఎలిజిబిలిటీ ఫారం. పుట్టినతేదీ, ఇంటర్ పాసైన సంవత్సరం, కళాశాలలో చేరిన తేదీ, ఫోటో మీద సగం పడేలా ప్రిన్సిపాల్ ముద్ర. అవతలి పీడీలు వాటిని వేలు పెట్టి చదువుతారు. ఇరవయ్యైదేళ్లు దాటినవాడు, పేరుకే చేరి తరగతికి రానివాడు దొరికితే ప్రొటెస్ట్ రాసిస్తారు.

కూటమిని నిలబెట్టేది ఇదే. ప్రతి పీడీకీ అవతలి పీడీలు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఎవరు నిక్కచ్చిగా కాగితాలు తెస్తారో, ఎవరి మైదానంలో రాళ్లు ఎక్కువో, ఎవరి దగ్గర భోజనం బాగుంటుందో అందరికీ ఎరుకే. కూటమి మారితే ఈ పరిచయమంతా మళ్లీ మొదటి నుంచి పోగుచేసుకోవాలి. పూర్తికాలపు పీడీ లేని ప్రైవేటు డిగ్రీ కళాశాలలకు ఆ పని మరీ కష్టం. అక్కడ జట్టును తీసుకొచ్చేది చాలాసార్లు ఏ కామర్స్ లెక్చరరో.

వాన సంగతీ చెప్పాలి. ఈ జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగానే ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అంటే సరిగ్గా పోటీల రోజుల్లోనే కురుస్తాయి. మట్టి కోర్టు ఒకసారి బురదైతే షెడ్యూలు వారం జరుగుతుంది. సౌత్ జోన్ తేదీలు మాత్రం జరగవు. ఇంటర్ కాలేజియేట్ ముగియకుండానే సెలెక్షన్లు పెట్టి, నాలుగు రోజుల క్యాంపుతో జట్టును రైలెక్కించిన ఏడాదులు ఆటగాళ్లకు గుర్తుంటాయి.

పోయిందెంత, వచ్చిందెంత

విభజనల వల్ల నష్టమే జరిగిందనడం న్యాయం కాదు. కబడ్డీ జట్టుకు పన్నెండు మంది. ఐదు జిల్లాలకు ఒకే విశ్వవిద్యాలయం ఉన్నప్పుడు సౌత్ జోన్‌కు వెళ్లింది ఆ పన్నెండు మందే. ఇప్పుడు అవే జిల్లాల్లో ఎస్వీ, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, విక్రమ సింహపురి, రాయలసీమ విశ్వవిద్యాలయాలనే లెక్కేసినా అరవై మంది వెళ్తారు. మహిళా, పశువైద్య, సంస్కృత విశ్వవిద్యాలయాలను కలిపితే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇది చిన్న సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ధ్రువపత్రానికి ఫారం–3 అని ప్రత్యేక నమూనాయే ఉంది. ఆంధ్రప్రదేశ్ కూడా ఇటీవలి క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ‘సౌత్ జోన్ ఆడాడు’ అన్న మాట ఊళ్లో పెళ్లిచూపుల దాకా వెంట వస్తుంది. విభజన ఆ మాటను ఎక్కువమంది ఇళ్లకు చేర్చింది.

మరి జట్ల బలం సంగతి? దేశంలో మొత్తంమీద ఉత్తమ విశ్వవిద్యాలయానికి 1956–57 నుంచి ఇస్తున్న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీని అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్, పటియాలాలోని పంజాబీ, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయాలు పదేపదే గెలుచుకున్నాయి. గురునానక్ దేవ్ కూడా 1969లో కొత్తగా ఏర్పడి జిల్లాల కళాశాలలను పంచుకున్నదే. కాబట్టి విడిపోవడమే బలహీనతకు కారణమనలేం. విడిపోయిన ముక్కలో తగినన్ని కళాశాలలు మిగలాలి, వాటికి శిక్షకులుండాలి, ఆటగాడికి హాస్టలు, తిండి ఉండాలి. అమృత్‌సర్‌లో అవి అమిరాయి. మన ముక్కల్లో కొన్నింటికి కళాశాలలు ఉన్నా శిక్షకులు లేరు, మరికొన్నింటికి కళాశాలలే లేవు.

అమెరికాలో అయితే

అమెరికా కళాశాల క్రీడలను నడిపేది టెలివిజన్ సొమ్ము. 1984లో ఓక్లహామా విశ్వవిద్యాలయం పాలకమండలి వేసిన దావాలో అక్కడి సుప్రీంకోర్టు ఫుట్‌బాల్ ప్రసారాల మీద కళాశాల క్రీడల జాతీయ సంఘపు గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. ఆపైన హక్కులు అమ్ముకునే బేరం కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చింది. ఎక్కువ సొమ్ము వచ్చే కూటమిలోకి దూకడం మొదలైంది. టెక్సస్ కళాశాలలకు పట్టుగొమ్మగా ఉన్న సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1996లో మూతపడింది.

అసలు తుఫాను 2024లో వచ్చింది. 1915 నుంచి పసిఫిక్ తీరాన్ని అంటిపెట్టుకుని ఉండి, చివరికి పాక్–12 అని పేరు పడిన కూటమి ఒక్క వేసవిలో పది కళాశాలలను పోగొట్టుకుంది. లాస్ ఏంజెలిస్‌లోని రెండు విశ్వవిద్యాలయాలు, ఆరెగాన్, వాషింగ్టన్ కలిసి అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల కూటమి బిగ్ టెన్‌లో చేరాయి. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏకంగా అట్లాంటిక్ తీరం పేరున్న కూటమిలో చేరాయి. కాలిఫోర్నియాలో వాలీబాల్ ఆడే అమ్మాయి ఇప్పుడు లీగ్ మ్యాచ్ కోసం ఖండం దాటి న్యూజెర్సీ వెళ్లి, తిరిగొచ్చి పరీక్ష రాయాలి. ఆ ఏడాది పాక్–12లో మిగిలినవి ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే.

పోయిన వైరం తిరిగి రావడమూ అక్కడే చూశాం. టెక్సస్ ఎ అండ్ ఎమ్ 2012లో సౌత్ ఈస్టర్న్ కూటమికి వెళ్లిపోవడంతో టెక్సస్ విశ్వవిద్యాలయంతో నూరేళ్లకు పైబడిన ఫుట్‌బాల్ పోటీ 2011తో ఆగింది. 2024లో టెక్సస్ కూడా అదే కూటమిలో చేరాక, ఆ నవంబరులో, పదమూడేళ్ల తర్వాత మళ్లీ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆ మధ్యకాలంలో చదివి వెళ్లిన విద్యార్థులకు మాత్రం ఆ మ్యాచ్ లేనే లేదు.

జోన్ కదలదు

అలాంటి వలస మన దేశంలో జరగదు. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా మొదలై 1973లో పేరు మార్చుకున్న భారత విశ్వవిద్యాలయాల సంఘమే ఈ పోటీలు నడుపుతుంది. జోన్‌ను నిర్ణయించేది భూగోళం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి దక్షిణ మండలం. ఎస్వీయూ ఎంత కోరినా పశ్చిమ మండలానికి మారలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చాలా క్రీడా సంఘాలు రెండుగా చీలాయి గానీ, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంతో ఎస్వీయూ తలపడే సౌత్ జోన్ చెక్కు చెదరలేదు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కూడా ఈ మెట్ల మీదుగా వచ్చిన జట్లనే పిలుస్తున్నాయి.

చిక్కు వేరేచోట ఉంది. 1950లో దేశంలో ముప్పైలోపు ఉన్న విశ్వవిద్యాలయాలు ఇప్పుడు వెయ్యి దాటాయి. జోన్ గీత కదలకపోయినా లోపల జనం కిక్కిరిశారు. పోటీ నాకౌట్‌తో మొదలవుతుంది. తిరుపతిలో బయలుదేరి ఒక పగలూ రాత్రీ ప్రయాణించి వెళ్లిన జట్టు నలభై నిమిషాల ఒకే మ్యాచ్ ఆడి వెనుదిరగడం మామూలైంది. సొంత కూటమిలో ప్రత్యర్థులు తగ్గి, బయట ఒక్క ఓటమికే ఇంటికి రావలసి రావడంతో ఏడాదికి ఆటగాడికి దొరికే గట్టి మ్యాచ్‌ల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతగా తగ్గింది.

కళాశాలల బయట, కొత్త వృత్తి లీగుల్లో కూడా స్థిరత్వం ఇంకా కుదరలేదు. క్రికెట్‌లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో ఆరు జట్లతో మొదలై 2025లో ఏడు జట్లతో, చాలావరకు కొత్త పేర్లతో వచ్చింది. రాయలసీమ కింగ్స్‌కు చప్పట్లు కొట్టినవాళ్లు ఇప్పుడు రాయల్స్ ఆఫ్ రాయలసీమకు కొట్టాలి.

2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా కూడా విడిపోయింది. తిరుపతి వేరైంది, మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. అయినా పత్రికల ఆటల పేజీల్లో ‘ఉమ్మడి చిత్తూరు జిల్లా జట్టు’ అన్న మాట పోలేదు. సంక్రాంతి సెలవుల్లో ఊళ్లలో జరిగే ఓపెన్ కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లకు ఈ గీతలేవీ పట్టవు. అక్కడ ఎలిజిబిలిటీ ఫారం అడిగేవారు లేరు. పండక్కి ఇంటికొచ్చిన పశువైద్య విద్యార్థి, ఎస్వీయూ బీఏ కుర్రాడు, అనంతపురం అనుబంధంలోని ఇంజనీరింగు విద్యార్థి ఊరి పేరు రాసిన ఒకే బనియను వేసుకుని దిగుతారు. ఏడాదంతా వేర్వేరు నిచ్చెనలెక్కినవాళ్లు ఆ మూడు రోజులు ఒకే వైపు నిలబడి పక్క ఊరితో ఆడతారు.